థియేటర్లో ‘మంటలు’ అని అరిచే ఉపమానానికి బహిరంగ లేఖ

ఓ ఉపమానమా,

భావప్రకటనా స్వేచ్ఛ గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే చాలు, ఐదోదానివై నువ్వు దిగిపోతావు. ‘కిక్కిరిసిన థియేటర్లో మంటలు మంటలు అని అరిచే హక్కు ఎవరికీ లేదు కదండీ’ అని ఎవరో ఒకరు నిన్ను వదులుతారు. మిగతావాళ్లు తలలూపుతారు. చర్చ అక్కడితో సరి. అవతలివాడు నిజంగా ఏం మాట్లాడాడో, ఎవరికి ఏం నష్టం జరిగిందో ఇక ఎవరూ అడగరు. నీ పుట్టుపూర్వోత్తరాలైతే అసలే అడగరు. అవే ఇవాళ నలుగురిలో పెడుతున్నాను.

నీకు పేరొచ్చింది 1919 మార్చి 3న, అమెరికా సుప్రీంకోర్టులో. నిన్ను తీర్పులోకి ఎక్కించినవాడు జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్. అంతర్యుద్ధంలో మూడుసార్లు గాయపడి బతికి బయటపడ్డ మనిషి, అప్పటికి డెబ్బై ఎనిమిదో ఏడు నిండబోతోంది. వాక్యం చెక్కడంలో ఆ కోర్టులో ఆయనంతటివాడు లేడు. మా ఖర్మ కొద్దీ అదే నీకు కలిసొచ్చింది. నిన్నే ఏ నీరసపు జడ్జో రాసి ఉంటే ఆ తీర్పులోనే దుమ్ము పట్టి పడుండేదానివి.

ఇంతకీ ఆ కేసులో థియేటర్ ఎక్కడుంది? లేదు. అరుపు? లేదు. తొక్కిసలాట? అదీ లేదు. ఉన్నది చార్లెస్ షెంక్ అనే ఫిలడెల్ఫియా సోషలిస్టు పార్టీ కార్యదర్శి, సుమారు 15,000 కరపత్రాలు, ఒక పోస్టాఫీసు. 1917 ఏప్రిల్‌లో అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మే నెలలో నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చింది. షెంక్ పార్టీ ఆ కరపత్రానికి ఒక వైపున బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణను అచ్చు వేసి, బలవంతంగా సైన్యంలోకి లాక్కుపోవడం దానికి విరుద్ధం కాదా అని అడిగింది. ఇంకో వైపున ‘మీ హక్కులు నిలబెట్టుకోండి’ అని శీర్షిక పెట్టింది. మరి సైన్యంలోకి పిలుపొచ్చిన యువకులను ఏం చేయమంది? తుపాకులు పట్టమందా? చట్టం రద్దు కోసం అర్జీ పెట్టుకోమంది! దానికి 1917 జూన్ 15న వచ్చిన గూఢచర్య చట్టం కింద షెంక్‌కు ఆరు నెలల జైలు. ఆ శిక్షను తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఖాయం చేశారు. ఆ కాగితానికీ నీ తొక్కిసలాటకూ ముడి వేసి, చదివినవాడు అవునవును అనేలా చేయడమే నీకు అప్పగించిన పని.

నువ్వు హోమ్స్ సొంత బిడ్డవు కూడా కాకపోవచ్చు. అంతకు ముందు ఏడాదే క్లీవ్‌లాండ్‌లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ విచారణలో ప్రభుత్వ న్యాయవాది ఎడ్విన్ వెర్ట్జ్ నిన్ను జ్యూరీ ముందు ప్రయోగించాడు. ఆ కేసు కూడా అప్పీలు మీద హోమ్స్ ముందుకే వచ్చింది. 1918 జూన్ 16న ఒహాయోలోని కాంటన్ పార్కులో చేసిన ఒక ప్రసంగానికి డెబ్స్‌కు పదేళ్ల శిక్ష పడింది. షెంక్ తీర్పు వెలువడిన వారానికే దాన్నీ కోర్టు సమర్థించింది. ఆ మనిషి 1920లో అట్లాంటా జైల్లో 9653 నంబరు ఖైదీగా ఉంటూ దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షలకు పైగా జనం ఓటేశారు. చివరికి 1921 క్రిస్మస్‌కు అధ్యక్షుడు హార్డింగ్ ఆయన శిక్ష తగ్గించి విడిచిపెట్టాడు.

నిన్ను పూర్తిగా కొట్టిపారేయను. జనాన్ని బెదరగొట్టి చంపే అబద్ధపు కేక నేరమే. అలాంటిది జరిగింది కూడా. 1913 డిసెంబర్ 24న మిషిగన్ రాష్ట్రం కాల్యుమెట్‌లో, సమ్మెలో ఉన్న రాగి గని కార్మికుల పిల్లలకు ఇటాలియన్ హాల్ మేడ మీద క్రిస్మస్ వేడుక చేస్తున్నారు. ఎవడో ‘మంటలు’ అని అరిచాడు. ఎక్కడా మంట లేదు. మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి 73 మంది చనిపోయారు. అందులో 59 మంది పిల్లలే. అరిచింది ఎవరో ఈనాటికీ తేలలేదు, ఎవరికీ శిక్ష పడలేదు. కార్మికుల పిల్లల్ని చంపిన అసలైన కేకకు శిక్ష లేదు. పార్కులో ప్రసంగించిన డెబ్స్‌కు మాత్రం పదేళ్లు. నీ బంధువర్గంలోని ఈ లెక్క నాకు ఎంతకీ మింగుడు పడదు.

పోనీ మంట నిజమైతే? 1903 డిసెంబర్ 30న షికాగో ఇరోక్వా థియేటర్లో అదే జరిగింది. ప్రారంభమై నెల రోజులు దాటిన కొత్త భవనం, నిప్పు అంటదని ప్రకటనలు వేసుకుంది. సెలవు రోజుల మధ్యాహ్నపు ఆట కావడంతో హాలు నిండా ఆడవాళ్లు, పిల్లలు. స్టేజి దీపం నుంచి తెరకు నిప్పంటుకుంది. బయటికి పోయే తలుపులు చాలావరకు గడియలు పెట్టి ఉన్నాయి, కొన్ని పరదాల చాటున ఉన్నాయి. 602 మంది పోయారు. హార్వర్డ్ లా ప్రొఫెసర్ జెకరాయా చేఫీ నిన్ను పట్టుకుని అడిగిన ప్రశ్న సరిగ్గా ఇక్కడ తగులుతుంది. ఆట మధ్యలో విరామమప్పుడు లేచి, ‘ఈ హాల్లో తలుపులు చాలవు, ఉన్నవాటికీ తాళాలు వేశారు’ అని చెప్పేవాడి సంగతేమిటి? షెంక్, డెబ్స్ ఆ కోవవాళ్లు. నీ దృష్టిలో మాత్రం నోరు తెరిచిన ప్రతివాడూ అబద్ధపు కేకే.

నిజంగా సినిమా హాలుతో సంబంధమున్న కేసు కావాలంటే ఆ రోజుల్లోనే ఒకటుంది. రాబర్ట్ గోల్డ్‌స్టీన్ అనే నిర్మాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద ‘ది స్పిరిట్ ఆఫ్ ’76’ అనే చిత్రం తీశాడు. అందులో బ్రిటిష్ సైనికుల దౌర్జన్యాలు చూపించాడు. 1917 నాటికి బ్రిటన్ మిత్రదేశమైపోయింది కాబట్టి తమ దేశ చరిత్ర చూపించడమే తప్పయింది. అదే గూఢచర్య చట్టం కింద పదేళ్లు వేశారు, తర్వాత అధ్యక్షుడు విల్సన్ మూడేళ్లకు తగ్గించాడు. ఆ చట్టం మనవాళ్లనూ వదల్లేదు. భారత స్వాతంత్ర్యం కోసం న్యూయార్క్‌లో పనిచేస్తున్న శైలేంద్రనాథ్ ఘోష్, ఆయనకు తోడుగా నిలిచిన అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ 1918లో దాని కిందే అరెస్టయ్యారు. ఇక్కడ మన దేశంలో దొరలకు నీ అవసరం పడలేదులే. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైల్లో పెట్టడానికి రాజద్రోహం సెక్షనే సరిపోయింది. ఉపమానాలు చెప్పి ఒప్పించాల్సిన మొహమాటం వాళ్లకేం ఉంది?

నీ పెంపుడు తండ్రి సంగతి కూడా విను. 1919 నవంబర్‌లో, అంటే నీకు పేరొచ్చిన ఎనిమిది నెలలకు, అబ్రమ్స్ కేసు వచ్చింది. రష్యాకు అమెరికా సైన్యాన్ని పంపడాన్ని తిడుతూ న్యూయార్క్‌లో కరపత్రాలు పంచిన కుర్రకారుకు ఇరవయ్యేళ్లు, వాళ్లలో ఒకమ్మాయి మాలీ స్టైమర్‌కు పదిహేనేళ్లు వేశారు. కోర్టు మళ్లీ ‘సబబే’ అంది. ఈసారి హోమ్స్ ఒప్పుకోలేదు. తోటి జడ్జి బ్రాండైస్‌ను తోడు చేసుకుని భిన్నాభిప్రాయం రాశాడు. ఆ ఎనిమిది నెలల్లో చేఫీ, జడ్జి లెర్నెడ్ హ్యాండ్ లాంటివాళ్లు ఆయనతో వాదనకు దిగారు. మనసు మారిందని ఆయన ఎక్కడా ఒప్పుకోలేదు గానీ, నిన్ను మాత్రం ఆ తీర్పులో పలకరించలేదు. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు గీతను చాలా ముందుకు జరిపింది. వెంటనే చట్టవిరుద్ధమైన పనికి దిగమని రెచ్చగొట్టి, అది నిజంగా జరిగే అవకాశం ఉంటేనే మాటకు శిక్ష అంది. ఆ లెక్కన షెంక్‌ను ఇవాళ ఒక్క రోజు కూడా లోపల పెట్టలేరు.

నువ్వు వెళ్లిపొమ్మంటే వెళ్లే రకం కాదని తెలుసు. అందుకే చివరి మాట నీతో కాదు, నిన్ను వాడేవాళ్లతో. అయ్యా, అమ్మా, ఎవరి మాటనైనా ఆపాలనుకుంటే ఆ మాట ఏమిటో, దానివల్ల ఎవరికి ఏం హాని జరిగిందో చెప్పి ఆపండి. చెప్పలేకపోతే, నిర్బంధ సైనిక సేవ వద్దని అర్జీ పెట్టుకోమన్నవాణ్ని జైలుకు పంపడానికి వాడిన వాక్యాన్ని అరువు తెచ్చుకోకండి.

ఇట్లు,
వినీ వినీ విసిగిన ఒక పాఠకుడు