చెత్తకి మడి

మా బాల్కనీలో కుళాయి ఉన్న బకెట్టొకటి మూత బిగించుకుని నిన్నటిదాకా పదహారు రోజులు కూర్చుంది. "ఇదింకా ఎన్నాళ్లండీ?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా "మాగుతోంది" అనేవాణ్ణి. మాగేవి మామిడికాయలు గానీ దొండకాయ తొడిమలా అన్నట్టు చూసి వెళ్లిపోయేది.

దీన్ని బొకాషీ అంటారు, జపాన్ మాట. ఒకినావాలోని ర్యుక్యూ విశ్వవిద్యాలయంలో టెరువో హిగా అనే ఆచార్యుడు 1980లలో ప్రచారంలోకి తెచ్చిన సూక్ష్మజీవుల మిశ్రమం దీనికి ఆధారం. తవుడులో బెల్లప్పాకం, ఆ సూక్ష్మజీవులు కలిపి ఆరబెడతారు. వంటింటి చెత్త ఒక వరస, ఈ తవుడు ఒక గుప్పెడు. తవుడూ బెల్లమూ! మా ఊళ్లో గేదె ఈనితే పెట్టే పథ్యం. ఇక్కడ అరటితొక్కకి పెడుతున్నాను.

నియమాలు చదివితే ఎక్కడో విన్నట్టనిపించింది. గాలి తగలకూడదు, అదిమి పెట్టాలి, మాటిమాటికీ మూత తియ్యకూడదు. మా అమ్మ ఆవకాయ జాడీ! తడిచెయ్యి తగిలిందా, ఏడాదంతా అదే మాట. వాసెన కట్టాక మూడోరోజు దాకా అటు తొంగిచూడకూడదు. మూడోరోజు తిరగకలిపి, పళ్లెంలో మిగిలిన పిండిలో వేడన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆ ముద్దలో టెంక ఉన్న ముక్క నాకు రావలసింది, 1974 వేసవిలో మా అన్నయ్య లాగేసుకున్నాడు. ఒకటి కాదు, రెండు. మొన్న ఫోన్లో మళ్లీ అడిగాను. "ఒకటే" అన్నాడు. యాభై ఏళ్లలో సగం నేరం ఒప్పుకున్నాడు, మిగతా సగానికి నాకంత ఆయుర్దాయం ఉందో లేదో. ఎక్కడున్నాను? బకెట్టు.

తెల్లబూజు పడితే శుభం, పచ్చదో నల్లదో అయితే చెడినట్టు. అందుకని చెత్త వేసినన్నాళ్లూ రోజూ కళ్లజోడు పెట్టుకుని, చేతులు తుడుచుకుని మూత తీసేవాణ్ణి. "చెత్తకి ఇంత మడా!" అంది మా ఆవిడ. రెండ్రోజులకోసారి కుళాయి తిప్పితే పుల్లటి నీరు దిగుతుంది. దానికి నూరింతల నీళ్లు కలిపి మొక్కలకి పొయ్యాలట. ఆ 'నూరింతలు' చదవకముందే నేను కరివేపాకు మొక్కకి అభిషేకం చేసేశాను. ఇప్పుడక్కడ పుల్లలున్నాయి.

ఇదంతా సరే. రెండు వారాలు మాగాక కూడా అది ఎరువు కాదని అమ్మినవాడు చెప్పలేదు. మట్టిలో పూడ్చి, మరో రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలట. మట్టేది? మాది నాలుగో అంతస్తు. కింద కొబ్బరిచెట్టు మొదలు దాకా టైల్స్ పరిచారు. మూలనున్న జానెడు జాగా కోసం వాచ్‌మన్‌ని బతిమాలితే "ఎలకలొస్తాయి సార్" అన్నాడు. చివరికి నర్సరీలో బస్తా ఎర్రమట్టి కొని ఆటోలో తెచ్చాను. ఊరికే పొయ్యే చెత్తని ఆపి, డబ్బిచ్చి మట్టి కొని అందులో పూడ్చినవాణ్ణి మా వంశంలో నేనే.

నిన్న బకెట్టుని తొట్టిలోకి బోర్లించాను. కుళ్లుకంపు లేదు, ఊరగాయ వాసన. అయితే బొకాషీ దేన్నీ ఆనవాలు చెరపదు. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఏకాదశి నాటి పులిహోర, పిల్లలు వచ్చినప్పుడు మిగిలిన అన్నం, సగం కొరికిన చపాతీలు, అన్నీ గుర్తుపట్టాను. మా ఊళ్లో పెరటి గుమ్మం పక్కన కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడుగు, గంజి, కూరల తొక్కలు గేదెకి. రాత్రి మిగిలిన అన్నం మాకే, పొద్దున్న చద్ది. కుడితిలో నాలుగు మెతుకులు తేలితే "ఎవర్రా పారేసింది?" అని అమ్మ అందర్నీ నిలబెట్టి అడిగేది. నిన్న తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అడిగేవాళ్లు లేరు.

పైన మట్టి కప్పేశాను. బస్తా అయిపోయింది. రెండో బకెట్టు సగం నిండింది. మీలో ఎవరికైనా పెరడుంటే కబురు పెట్టండి, బకెట్టు నేనే మోసుకొస్తాను.