టీషర్టు మారింది, స్తంభం మారలేదు

2011 జనవరి 20 నుంచి దేశంలో ఎవరైనా పాత నంబరుతోనే మొబైల్ కంపెనీ మార్చుకోవచ్చు. 1900కి ఒక మెసేజ్ కొడితే పోర్టింగ్ కోడ్ వచ్చేస్తుంది. ఇంట్లో గోడకి వేలాడే వైఫై డబ్బాకి మాత్రం ఆ భాగ్యం లేదు. పాత కంపెనీని వదిలించుకోవడం ఒక తంతు, కొత్తదాన్ని తగిలించుకోవడం ఇంకో తంతు.

మార్చాలన్న బుద్ధి రౌటర్ మీద ఎర్ర లైటు మిణుకుమన్నప్పుడు పుడుతుంది. ఫోన్ చేస్తే, మన కాల్ వాళ్లకెంత ముఖ్యమో చాలాసేపు పాడి వినిపించాక ఒక అమ్మాయి లైన్లోకొస్తుంది.

"రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశారా సర్?"

"చేశానమ్మా."

"ఇంకోసారి చేయండి సర్."

"చేశాను. ఎర్ర లైటే."

"టికెట్ రైజ్ చేశాను సర్. ఇంకేమైనా సాయం కావాలా?"

మొదటి సాయమే అందలేదని చెప్పేలోపు లైన్ కట్. సాయంత్రానికి మెసేజ్ వస్తుంది: మీ సమస్య పరిష్కారమైంది, లింక్ నొక్కి రేటింగ్ ఇవ్వండి. ఆ రేటింగ్ ఇవ్వడానికి మొబైల్ డేటా ఆన్ చేసుకోవాలి. నెట్ వచ్చినా రాకపోయినా బిల్లు మీద 18 శాతం జీఎస్టీ మాత్రం ఏనాడూ డిస్‌కనెక్ట్ కాదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మొరపెట్టుకుందామా? విడివిడిగా ఒక్కొక్కరి గోడు తీర్చే పని ఆ సంస్థ చట్టంలో లేదు. ముందు కంపెనీకే చెప్పుకోవాలి, వినకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి చెప్పుకోవాలి. కోడలు అత్త మీద ఫిర్యాదు ఆడపడుచుకి ఇచ్చుకోవడమన్నమాట. వంద ఎంబీపీఎస్ అని అమ్మి మూడు ఇస్తున్నారని వాదించినా లాభం తక్కువే. 2023లో సర్కారు సవరించిన నిర్వచనం ప్రకారం రెండు ఎంబీపీఎస్ దాటితే అది బ్రాడ్‌బ్యాండే. వినియోగదారుల కమిషన్ తలుపు తట్టొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది గానీ, వాయిదాల స్పీడు ముందు మన వైఫై రాకెట్.

చివరికి తెగించి "కనెక్షన్ తీసేయండి" అంటాం. అంతే, అసమ్మతి వర్గానికి బుజ్జగింపులు మొదలవుతాయి. ఇన్నాళ్లూ దొరకనివాళ్లు వరసపెట్టి ఫోన్లు చేస్తారు. నెల ఫ్రీ అంటారు, ఓటీటీ ఫ్రీ అంటారు. లొంగకపోతే రౌటర్, అడాప్టర్ అప్పగించమంటారు. ఆర్నెల్లకి కట్టిన అడ్వాన్సులో మిగిలింది అడిగితే మళ్లీ టికెట్ రైజ్ చేస్తారు. ఎన్నికల్లో ఓడినవాడికే డిపాజిట్ గల్లంతవుతుంది, ఇక్కడ ఓటరుకే గల్లంతు.

కొత్త కంపెనీ రోజు రానే వస్తుంది. నిచ్చెన భుజానేసుకుని ఒక కుర్రాడు దిగుతాడు. మొహం ఎక్కడో చూసినట్టుంటుంది.

"బాబూ, నువ్వు ఆ పాత కంపెనీ కదా?"

"రెండూ మా అన్నవే సార్. ఏరియా మాది, కంపెనీలు వస్తుంటాయి, పోతుంటాయి."

వీధి చివర స్తంభానికి చుట్టలు చుట్టలుగా వేలాడే నల్ల తీగల్లోంచి మన పాత తీగనే వేళ్లతో వెతికి పట్టుకుంటాడు. కొన పళ్లతో ఒలిచి, కొత్త డబ్బాకి తగిలిస్తాడు. "కొత్త వైర్ దండగ సార్, ఇదే స్ట్రాంగు." టీషర్టు మీద లోగో మాత్రం తళతళలాడుతుంటుంది. అపార్ట్‌మెంట్లలో ఈ ముచ్చటా ఉండదు. అసోసియేషన్ ఒక్క కంపెనీనే గేటు దాటనిస్తుంది. అభ్యర్థి ఏకగ్రీవం.

పోటీ ఉంటే సేవ బాగుపడుతుందని ఆర్థికవేత్తలు చెప్పేది నిజమే. ఆ పోటీ హోర్డింగుల మీద మొదలై, స్తంభం దగ్గర ఆగిపోతుంది. ఎమ్మెల్యేల ఫిరాయింపులు ఆపడానికి 1985లో రాజ్యాంగాన్నే సవరించారు, ఎంత ఆగాయో చూస్తున్నాం. వినియోగదారుణ్ని ఆపే చట్టమేదీ లేదు. అయినా ఎటు ఫిరాయించినా వాడు అన్న ఏరియాలోనే ఉంటాడు. మన పార్టీల అధ్యక్షులు ఒకసారి ఆ అన్న దగ్గర ట్యూషన్ చెప్పించుకుంటే మంచిది.