రెండు శాతం మనస్సాక్షి

మన కంపెనీలకు పరువు మీద మహా యావ. ఏడాదికోసారి నిగనిగలాడే నివేదిక అచ్చేస్తాయి. అట్ట మీద పచ్చటి ఆకు. లోపల ‘సుస్థిర సరఫరా గొలుసు’ అని ఓ అధ్యాయం. సరే, ఆ గొలుసు పట్టుకుని భద్రాచలం అడవుల దాకా రండి, చూద్దాం.

మిర్చి ఏరే రోజుల్లో చర్ల, దుమ్ముగూడెం వైపు తోట గట్లు చూడండి. టార్పాలిన్ పట్టాల కింద కాపురాలు. ఛత్తీస్‌గఢ్ నుంచి మేస్త్రి తోలుకొచ్చిన ఆదివాసీలు. పొద్దుటి నుంచీ తేజ కాయ ఏరిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో ఆ నివేదిక రాసినాయనకు తెలుసా? ఆ మంట ఏ పేజీలో ఉంది?

అదే కాయ కల్లంలో ఎండి, తాలు వేరై, ఖమ్మం యార్డులో జెండా పాటకు చేరిందా, దాని దర్జాయే వేరు. విదేశం వెళ్లాలంటే అఫ్లటాక్సిన్ ఉందా, సుడాన్ రంగు కలిసిందా అని ల్యాబులు కూపీ లాగుతాయి. ఏరినవాళ్ల వయసెంత, కూలి ముట్టిందా అని అడిగే ల్యాబు మాత్రం ఇంకా పుట్టలేదు!

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికొచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల బీజాపూర్ జిల్లాలోని ఇంటికి కాలినడకన బయల్దేరింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు చేరకుండానే చనిపోయింది. ఆ పిల్ల ఏరిన కాయ ఎవరి కారప్పొడి ప్యాకెట్లో తేలిందో చెప్పగలరా? చెప్పలేరు. మేస్త్రి, రైతు, కమీషన్ దుకాణం, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతిదారు... ఇన్ని చేతులు మారాక మరక ఎవరిదో తేలదు. తేలకపోవడం మీదే కదా బ్రాండు పరువు నిలబడింది!

తప్పంతా రైతు మీదకు నెట్టేద్దామా? 2017లో ధర కుప్పకూలి ఖమ్మం యార్డులో గొడవైతే పది మంది మిర్చి రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. పైనుంచి ధర కోస్తే ఆ కోత చివరికి కూలి మీదే పడుతుంది. అది చెప్పడానికి ఎంబీయే చదవాలా?

ఇక స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి సంగతి. 2022-23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు బాధ్యతా నివేదిక ఇవ్వాల్సిందే అన్నారు. భేష్. వాటిలో మొదటి 250 తమ సరఫరాదారుల లెక్కా చెప్పాలన్నారు. ఇంకా భేష్. తీరా 2025 మార్చికల్లా అది ‘మీ ఇష్టం’ అయిపోయింది. వ్యాపార సౌలభ్యమట! అదీ కొనుగోళ్లలో 2 శాతం, ఆపైన వాటా ఉన్న సరఫరాదారుల గురించి చెబితే చాలట. చర్ల గట్టు మీద టార్పాలిన్ కింద పడుకునే ఆడమనిషి ఏ కంపెనీ కొనుగోళ్లలో రెండు శాతం అవుతుంది? మూడెకరాల కౌలు రైతు అవుతాడా? పోనీ, మేస్త్రి?

ఇష్టమైతేనే చెప్పమంటే ఎవరికి ఇష్టమవుతుంది బాబూ? ఈ సీజన్లో ఒక్క కంపెనీ ఆడిటరైనా కబురు పెట్టకుండా వచ్చి తోటలో దిగుతాడేమో చూద్దాం. దిగితే ముందు మేస్త్రి దగ్గర చిట్టా అడగమనండి. ఎవరి పేరున ఎంత అడ్వాన్సు రాశాడో, ఆ పేరు పక్కన వయసు రాశాడో లేదో చూడమనండి.