45 గంటల ఇంటిపిల్ల

అమెరికాలో ఊరికి దూరంగా, మొక్కజొన్న చేల నడుమ కాపురముండే దంపతులకు పిల్లల్ని చూసుకునే ఓపేర్ కావాలి. వయసు 18 నుంచి 26 మధ్య. ఇంగ్లీషు రావాలి, మంచులో కారు నడపాలి, కోళ్లంటే భయం కూడదు. జె-1 వీసా మీద విదేశం నుంచి వచ్చే ఈ అమ్మాయి పనిమనిషి కాదట, అచ్చంగా ఇంటిపిల్లేనట!

వారానికి 45 గంటల దాకా చాకిరీ చేసే ఇంటిపిల్ల. చేతికిచ్చేది కనీసం 195.75 డాలర్లు. గంటకు 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనం లెక్కగట్టి, తిండికీ గదికీ 40 శాతం కోసేస్తే తేలే అంకె ఇది. ఇంటిపిల్లకు వడ్డించిన అన్నానికి ఇంత పక్కాగా బిల్లు వేసే ఇల్లు మన వైపు ఇంకా పుట్టలేదు లెండి. ఆ 7.25 కూడా 2009 నుంచి అక్కడే కూర్చుంది. చదువుకోమని 500 డాలర్ల వరకు ఇస్తారు. కాలేజీ పక్క కౌంటీలో, బస్సు ఎక్కడా లేదు.

మసాచుసెట్స్‌లో మాత్రం రాష్ట్ర కనీస వేతనం ఇవ్వాల్సిందేనని 2019లో అప్పీలు కోర్టు తేల్చింది. దాంతో కొన్ని ఇళ్లలో ఇంటిపిల్ల రాత్రికి రాత్రే ఖర్చుల పద్దులోకి మారిపోయింది.