చెక్ డిజిట్ పెద్దమనిషి

గాంధీనగర్, అశోక్‌నగర్ సందుల్లో, గ్రూప్స్ దరఖాస్తులు నింపిపెట్టే నెట్ సెంటర్ల వెనకగదుల్లో, ఈ రకం మనిషి ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాడు. పేరడగడు, ఊరడగడు. ఆధార్ చెప్పమంటాడు. పన్నెండంకెలూ కొట్టి, "ఇది అసలు నంబరే కాదండీ" అంటాడు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకం చేతికొస్తే ముందు వెనకట్ట తిప్పి ఐఎస్‌బీఎన్ లెక్కగడతాడు, రచయిత సంగతి ఆ తర్వాత. పక్కపక్కనున్న 1, 6 తారుమారైతే ఆ పదమూడంకెల లెక్కకు దొరకదని దానిమీద చిన్నచూపు కూడా. ఫోన్ నంబర్లకైతే, మిగతా అంకెలు సరో కాదో తేల్చే చెక్ డిజిటే లేదు. అందుకే వాటిని రెండుసార్లు చెప్పించుకుంటాడు.

నవ్వొచ్చేదే గానీ, ఇంత మర్యాదైన అనుమానం మరొకటి లేదని నా వాదన. మామూలు గుమాస్తా మనిషిని అనుమానిస్తాడు, ఈయన అనుమానించేది వేలిని. ఆధార్ చివరి అంకెను, డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రచురించిన పద్ధతిలో, ముందున్న 11 అంకెల నుంచి రాబడతారు. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కవి తారుమారైనా దొరికిపోవాల్సిందే. బ్యాంకు కార్డులకు వాడే లూన్ పద్ధతి 09ని 90గా కొడితే ఊరుకుంటుంది. పైగా లూన్‌లో ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసిన అంకెలను కూడితే సరిపోతుంది, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో ఒక సమ్‌తో పనైపోతుంది. వెర్‌హూఫ్ పట్టికలో వరస మారితే ఫలితం మారుతుంది. అంకెలను ఒక్కొక్కటిగా నడిపించే రికర్సివ్ క్వెరీ రాయాలి. ఆయన రాస్తాడు, అడగనివాళ్లకు కూడా వివరిస్తాడు, ఈలోగా చాయ్ చల్లారిపోతుంది.

లెక్క కుదిరితే ఆ నంబరు నిజంగా ఉన్నట్టేనా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. నోటికొచ్చిన నంబర్లలో సుమారు పదింట ఒకటి నెగ్గుతుంది. అది ఎవరిదో చెప్పాల్సింది ఆధార్ జారీచేసే యూఐడీఏఐ. ఈయన పట్టేది చేతి జారుపాటునే, దొంగను కాదు. మరి ఫారంలోనే ఆపకుండా ఈ లెక్కను డేటాబేస్ టేబుల్లో షరతుగా పెట్టడమెందుకంటారు తోటి ప్రోగ్రామర్లు. ఎక్సెల్ ఫైళ్లు ఫారం గడప తొక్కకుండానే టేబుల్లోకి దిగుతాయి కనుక. ఈ విషయంలో ఆయన పక్షాన నిలబడక తప్పదు.

ఆయన చిక్కల్లా ఖాళీ గడితోనే. ఎస్‌క్యూఎల్‌లో చెక్ షరతు "తప్పు" అని తేలితేనే ఆపుతుంది, "తెలియదు" అంటే వదిలేస్తుంది. తప్పంకె కొట్టినవాడు బయటే ఉంటాడు, ఏమీ కొట్టనివాడు దర్జాగా లోపలికొస్తాడు. దానికీ విరుగుడుగా, ఖాళీని ఒప్పుకోని నాట్ నల్ బిగిస్తాడు. మర్నాటి నుంచి కౌంటర్ కుర్రాడు, ఆధార్ మర్చిపోయి వచ్చిన వాళ్లందరికీ ఈయన నంబరే కొట్టేస్తుంటాడు. ప్రతిసారీ లెక్క చక్కగా కుదురుతుంది.