పచ్చరంగు చాలని సంత

ఉష్ణమండల దీవిలో పళ్ల సంత అంటూ గీసిన తైలవర్ణ చిత్రాలు హోటళ్లలోనూ, కొత్త అపార్టుమెంట్ల హాళ్లలోనూ తెగ కనిపిస్తాయి. ఎర్రటి గొడుగు, దాని కింద పసుపుపచ్చని అరటిపళ్లు, పక్కన అనాసలు, నెత్తిన బుట్టతో ఓ నవ్వుముఖం. ఆ దీవి ఎక్కడుందని అడిగితే అమ్మేవాడు ఫ్రేము ధర చెబుతాడు.

గౌతమికీ వసిష్ఠకీ బంగాళాఖాతానికీ మధ్య ఇరుక్కున్న కోనసీమ కూడా దీవే. అక్కడికి వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, రాజమండ్రిలో బస్సెక్కితే చాలు. సంతకీ లోటు లేదు. రావులపాలెం అరటి మార్కెట్ ఉండనే ఉంది. చిక్కల్లా ఒక్కటే. అక్కడ పసుపుపచ్చ దొరకదు.

గెలని పచ్చికాయ మీదే కోస్తారు. లారీ ఎక్కి ఊళ్లు దాటాక, మాగబెట్టే గదుల్లో గానీ అది పసుపెక్కదు. కాబట్టి ఈజిల్ మోసుకుని వచ్చిన చిత్రకారుడి ఎదురుగా పచ్చ గెలలు, వాటి కింద పచ్చాకులు, వెనక పచ్చ కొబ్బరిచెట్లు. పచ్చ ట్యూబు మధ్యాహ్నానికే ఖాళీ, పసుపు ట్యూబు మూత కూడా ఊడదు. ఎక్కడో ఓ ఎర్ర చక్కెరకేళి గెల తగిలితే ఆ పూటకి ఆయన అదృష్టవంతుడు.

పోనీ ఉన్న పచ్చనే గీద్దామంటే కర్పూర చక్కెరకేళి పచ్చ వేరు, అమృతపాణి పచ్చ వేరు. బొంతకాయకి అంచులు తేలి ఉంటాయి. వాటిని నున్నగా దిద్దితే పక్కనున్న హమాలీ కూడా ఊరుకోడు. ‘‘ఆయ్, అది బొంత కాదండీ!’’ అనేస్తాడు. ప్యారిస్ విమర్శకులు ఇంత నిక్కచ్చిగా ఉంటారనుకోను.

పైగా అక్కడ ఏదీ ఓ క్షణం నిలబడదు. లంక తోటల నుంచి సైకిలొకటి వస్తుంది. రెండు పక్కలా గెలలు, వెనక గెలలు, నెట్టుకొచ్చే మనిషివి కాళ్లు తప్ప ఇంకేం కనిపించవు. ఆ కాళ్లు గీసేలోగా గెలలు దిగిపోతాయి, బేరం తెగిపోతుంది, ఖాళీ సైకిలు టీ కొట్టు దగ్గర తేలుతుంది.

ఈ బాధ గొగాఁకి కూడా తెలిసే ఉండాలి. 1891లో తాహితీ దీవికి వెళ్లిన ఈ ఫ్రెంచి చిత్రకారుడు ఆ మరుసటేడు ‘సంత’ అనే బొమ్మ వేశాడు. అందులో బల్ల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లున్నారు. వాళ్ల భంగిమలు ఈజిప్టు సమాధుల గోడల మీది బొమ్మల నుంచి తెచ్చుకున్నవి. అరటిగెల మాత్రం లేదు. సంతని సంత లేకుండా గీసి గట్టెక్కాడన్నమాట. గెలని 1891లోనే ‘భోజనం’ అనే బొమ్మలో పెట్టాడు: బల్ల మీద ఎర్రటి గెల, ఓ కత్తి, పెద్ద కొయ్య పాత్ర, వాటి వెనక ముగ్గురు పిల్లలు. ఇప్పుడది ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆ అరటి వండుకు తినే రకం. కోనసీమ ఇల్లాలెవరైనా చూస్తే కళకన్నా ముందు, ‘‘కూరకాయ పెట్టి పిల్లల్ని భోజనానికి కూర్చోబెట్టాడేమిటండీ!’’ అని నొచ్చుకుంటుంది.

తైలవర్ణంతో ఇంకో తంటా. నీటిరంగు తడి ఆరిపోతే అయిపోయినట్టే. అవిసె నూనె కలిపిన రంగు అలా కాదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, దళసరిగా పూస్తే వారాలు పడుతుంది. నమూనాకని ఇంటికి తెచ్చుకున్న గెల ఈలోపు పచ్చ నుంచి పసుపుకీ, పసుపు నుంచి నల్లమచ్చలకీ వెళ్లిపోతుంది. మధ్యలో రోజుకో అత్తం చొప్పున ఇంట్లోవాళ్లు సాయం పడతారు. మిగిలేది బొమ్మలో గెల, గుమ్మం పక్కన బోదె.

అన్నీ దాటుకుని బొమ్మ పూర్తయి, మేనకోడలి పెళ్లికి కానుకగా వెళ్లిందనుకుందాం. పెద్ద మావయ్య కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూస్తాడు. రంగు గురించి అడగడు, కూర్పు గురించి అడగడు.

‘‘ఏరా అబ్బాయ్, ఈ గెల ఎంతకిచ్చాడు?’’

చిత్రకారుడు ఏదో ఓ ధర చెబుతాడు.

‘‘నిన్ను ముంచేశాడ్రా!’’