అప్లికేషన్ అక్క

సిద్దిపేటలో ఐసీయూ అని బోర్డు పెట్టిన ఏ ఆసుపత్రికైనా వెళ్లండి, అక్కడొక అప్లికేషన్ అక్క ఉంటుంది. ఆమె అసలు పేరు డ్యూటీ చార్టులో తప్ప ఇంకెక్కడా కనిపించదు. పేషెంట్లకు సిస్టరమ్మ, జూనియర్లకు అక్క, జిరాక్స్ సెంటర్ పిల్లగాడికి మాత్రం ‘‘మేడం, ఈసారి ఎన్ని సెట్లు?’’

ఆమె చేతిలో జిప్పున్న ప్లాస్టిక్ ఫైలొకటి ఉంటుంది. అందులో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల మార్కులు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, దాని రెన్యూవల్ రసీదు, కులం, ఆదాయం, స్థానికత, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో ఒక బెత్తెడు ఫొటోలు. ఇంటికి నిప్పంటుకుంటే ముందు పిల్లను బయటికి తెస్తుందా, ఫైలునా అని భర్తకు చిన్న అనుమానం. అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఇప్పుడామె కన్ను పడ్డ కోర్సు పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. భారత నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన రెండేళ్ల పీజీ. బీఎస్సీలో 55 శాతం మార్కులుండాలి, కనీసం ఏడాది అనుభవం ఉండాలి, అది ఐసీయూలోదైతే మరీ మంచిది. చదువులో ఐదో వంతే పాఠాలు, మిగతా 80 శాతం పేషెంటు మంచం పక్కనే. ‘‘పొద్దుమాపు నేను చేసేదే గదా, ఇప్పుడు ఫీజు కట్టి చెయ్యాల్నట’’ అని నవ్వుతుంది. నవ్వుతూనే వెల్లూరు సీఎంసీ వాళ్ల ప్రకటనను ఫోన్లో దాచుకుంటుంది.

నర్స్ ప్రాక్టీషనర్ అన్న చదువు పుట్టుక కూడా ఆమెకు కంఠతా వచ్చు. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. డాక్టర్లు దొరకని చోట పిల్లల్ని ఎవరు చూడాలన్న ప్రశ్న దగ్గర మొదలైంది. మన దేశంలో క్రిటికల్ కేర్‌కు ఆ పేరుతో కోర్సు వచ్చేసరికి యాభై ఏళ్లు దాటింది. మధ్యాహ్నం ఈ కథ చెప్పకుండా అక్క టిఫిన్ డబ్బా మూత తియ్యదు. వినేవాళ్లు ఈలోగా సగం తినేసి ఉంటారు.

అలాగని మిగతా దారులు వదిలిందని కాదు. జర్మనీకి నర్సులు కావాలంటే జర్మన్ క్లాసులో చేరింది, ‘గూటెన్ మోర్గెన్’ దాకా వచ్చింది. 2017లో రాజీవ్ రహదారి మీద ఇంకాస్త ముందుకు పోతే వచ్చే కరీంనగర్‌లో, ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో సర్కారు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టినప్పుడు దానికీ వివరాలు తెప్పించింది. ‘‘ప్రసవాలు నాతోని కావు. నాకు వెంటిలేటరే నయం, అరవదు’’ అని ఆ కాగితాలను కూడా ఫైల్లోనే పెట్టింది. ఫైల్లోకి పోయింది ఏదీ బయటికి రాదు.

డాలస్‌లో ఆమె చిన్నమ్మ బిడ్డ ఒకతి ఉంది. అక్కడ ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్. క్లినిక్‌లో జలుబులూ షుగర్లూ చూసి చూసి విసుగొచ్చి ఆసుపత్రికి మారుదామనుకుంది. కానీ అమెరికాలో 2008లో వచ్చిన ఏర్పాటు ప్రకారం క్లినిక్ చదువు వేరు, అక్యూట్ కేర్ చదువు వేరు. మాస్టర్స్ ఉన్నా సరే, మళ్లీ పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చెయ్యాలి. దానికి వ్యాసం రాయాలి, సిఫార్సు లేఖలు తేవాలి. చాలా చోట్ల పని నేర్పే డాక్టరునో నర్సునో విద్యార్థే వెతుక్కోవాలి కూడా. అలా అప్లికేషన్ల జబ్బు సముద్రం దాటింది.

‘‘అక్కా, నువ్వు ఐసీయూల ఏమేం చేస్తవో జర చెప్పవా? నా ఎస్సే ముందుకు వోతలేదు’’ అని డాలస్ నుంచి ఫోను.

‘‘నా ఎస్సేనే ఇంక రాయలేదే! సరే, చెప్త, రాస్కో’’ అని అక్క మొదలుపెడితే అరగంట. అదంతా తన అప్లికేషన్‌లో రాసుకొమ్మంటే మాత్రం రెండు వాక్యాలు దాటదు: నాకు సేవ అంటే ఇష్టం. అవకాశం ఇవ్వగలరు.

పాత బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో ఆమెను చూడాలి. డ్యూటీ నుంచి నేరుగా వస్తుంది, జడకు ఇంకా నెట్ క్యాపు గుర్తు ఉంటుంది. ఫొటో 50 కేబీకి మించకూడదంటే పిల్లగాడు కుదిస్తాడు, అక్క మొహం పక్కింటావిడ మొహంలా తయారవుతుంది. సంతకం అప్‌లోడ్ చేస్తే తలకిందులుగా పడుతుంది. అన్నీ కుదిరాక అసలు గండం వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు వెనక, కౌన్సిల్ కార్డులో ఇంటిపేరే లేదు. ‘‘ముగ్గురున్నరు మేడం, ఎవరికి అప్లై చేద్దాం?’’ అంటాడు పిల్లగాడు. అక్క కాసేపు ఆలోచిస్తుంది. ఆ ముగ్గురిలో నైట్ డ్యూటీ ఎవరు చేస్తారో ఆమెకు తెలుసు.

రాత్రి మూడు గంటలకు అదే అక్కను ఐసీయూలో చూస్తే ఎవరూ గుర్తుపట్టరు. నాలుగో బెడ్డు పెద్దాయన వెంటిలేటర్ మీదున్నాడు. సాచురేషన్ 94 నుంచి 86కు జారింది, అలారం మోగుతోంది. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు మానిటర్ వంకా అక్క వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. అక్క మానిటర్ చూడలేదు. పెద్దాయన ఛాతీ చూసింది, ట్యూబు చూసింది, చెవి ఒగ్గి గరగర వింది. ఆక్సిజన్ నూరు శాతానికి పెంచింది, సక్షన్ వేసింది. చిక్కటి కఫం ముద్ద ఒకటి వచ్చింది. అంకె 90, 93, 96.

అప్పుడు డాక్టరు వైపు తిరిగి మెల్లగా అంది: ‘‘సార్, మీరు సక్షన్ చెయ్యమన్నరు గదా, చేసిన. రక్త పరీక్షకు గూడ పంపమన్నరు గదా, పంపుతున్న.’’

నిజానికి ఆయన అంతదాకా ఏమీ అనలేదు. ఇప్పుడు మాత్రం ‘‘ఆ, ఆ’’ అన్నాడు. కేస్ షీట్లో అక్క గుండ్రటి అక్షరాలతో రాసింది: డాక్టరు గారి ఆదేశం మేరకు.

నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేసినవాళ్లు ఆసుపత్రి ముందే రాసిపెట్టుకున్న నియమాల ప్రకారం పేషెంటుకు పరీక్షలు రాయొచ్చు, చికిత్స మొదలుపెట్టొచ్చు అని నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికలోనే ఉంది. అంటే అక్క ఆశపడుతున్నదల్లా ఆ ‘ఆదేశం మేరకు’ అన్న ముక్క రాయకుండా ఒక రాత్రి గడవడం. ఈ మాట ఆమెతో అంటే మాత్రం ఒప్పుకోదు. ‘‘ఏమో, ప్రమోషనన్న వస్తదని’’ అంటుంది. ప్రమోషన్ సంగతి నాకు అనుమానమే. చదివి వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ స్టాఫ్ నర్సులుగానో, నర్సింగ్ కాలేజీలో ట్యూటర్లుగానో తేలారని ఆ వృత్తిలో తెలియనివాళ్లు లేరు. చదువు పెట్టినంత తొందరగా పోస్టు పెట్టడం మన దగ్గర అలవాటు లేదు.

ఇంట్లో అత్తమ్మది ఒకే ప్రశ్న. ‘‘ఇంక ఎన్ని సదువులే బిడ్డా? నువ్వు సదివి సదివి, నీ బిడ్డ నీ కంటే ముందు నౌకరికి వోతది.’’ ఆ మాట అన్న అత్తమ్మే, వాడకట్టులో ఎవరికి ఛాతీలో నొప్పొచ్చినా ‘‘దవాఖానకు తర్వాత పోదురు, ముందు మా కోడల్ని అడుగుండ్రి’’ అంటుంది. కోడలు ముందు దవాఖానకే పొమ్మంటుంది.

ఇన్ని తెలిసిన మనిషికి ఒక వింత బలహీనత. తన సంతకం మీద తనకు నమ్మకం లేదు. జిరాక్సుల మీద ఎవరి సంతకం వాళ్లు పెట్టుకుంటే చాలునని కేంద్రం 2014 నుంచీ చెబుతూనే ఉంది. అక్క వినదు. పచ్చ ఇంకు పడితే తప్ప కాగితం కాగితం కాదంటుంది. అందుకోసం లెక్చరర్ల ఇళ్ల చుట్టూ, పశువుల డాక్టరు ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఆఖరి తేదీ ఆ తిరుగుడులోనే దాటిపోతుంది. ‘‘వచ్చే యేడు ముందుగాలనే పెడ్త’’ అని ఫైలు జిప్పు లాగుతుంది.

కాబట్టి ఊళ్లో గెజిటెడ్ హోదా ఉన్న పెద్దమనుషులకు ఒక మనవి. ఆమె వస్తే సంతకాలు చేసి పంపండి. సొంత సంతకం చాలమ్మా అని పాఠం చెప్పకండి, ఆ పాఠం ఆమెకు వచ్చు. మార్నింగ్ డ్యూటీ అయితే మధ్యాహ్నం రెండున్నరకు వస్తుంది. నైట్ డ్యూటీ వారమైతే పొద్దున ఎనిమిదిన్నరకే వస్తుంది, అప్పుడు ముందొక కుర్చీ వెయ్యండి.